పేజీ ప్రకారం కొత్తరేవు గ్రంథాలయం

కొత్తరేవు పురపాలక గ్రంథాలయంలో మంచుకొండ లేదన్న సంగతి మొట్టమొదట కనిపెట్టింది హెడ్ క్లర్కు అప్పలనరసయ్యగారు. ముప్ఫయ్యేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుంటున్నా, ఆ లోటు ఆయనకు ఆ మంగళవారం ఉదయమే తెలిసింది. తెలిసిన పావుగంటలో నోటు రాసి పెట్టారు.

"పేజీ పైభాగమున మంచుతో కప్పబడిన పర్వతము, దాని ముందర బల్లపై కాఫీ కప్పు, పక్కన ముళ్ళమొక్క కుండీ కనబడుచున్నవి. ప్రాంగణమంతయు పరిశీలించగా పై మూడింటిలో ఒక్కటియు లేదు. తగు చర్య నిమిత్తము సమర్పించడమైనది."

ఆ మూడింటినీ గ్రంథాలయం వెబ్ పేజీ నెత్తిన పెట్టింది హైమవతి. కావాలని పెట్టలేదు. ఆవిడ బీఎస్సీ చదివి, ఇరవై రెండేళ్ళు సంసారం చేసి, మధ్యలో ఊరగాయల మీద ఒక బ్లాగు నడిపిన మనిషి. ఆ బ్లాగు చూసి గ్రంథాలయం వాళ్ళు పిలిచి, "పేజీ నిర్వాహకురాలు" అని ఒక కాంట్రాక్టు కొలువిచ్చారు. పొద్దున్న పది నుంచి రెండు దాకా పని. అడిగినవాళ్ళందరికీ ఉచితంగా పేజీలు కట్టుకోడానికి చోటిచ్చే ఒక సైట్లో ఆవిడ ఖాతా తెరిచి, రెడీమేడ్ జాకెట్టు కొన్నట్టు ఒక థీమ్ ఎంచుకుంది. థీముతో పాటు నమూనా బొమ్మలు వస్తాయి. వాటిని తీసేసి మన బొమ్మలు పెట్టుకోవాలి. గ్రంథాలయానికి సున్నం వేశాక మంచి ఫొటో తీసి పెడదామని ఆవిడ ఆగింది. సున్నం కంటే ముందు పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది.

దాని పేరు ఏకసత్య విధానం. "ప్రజలు చూచునది పేజీ. కావున పేజీయే సత్యము. పేజీకిని వాస్తవమునకును భేదము కనబడినచో ఇరువది నాలుగు గంటలలో సవరించవలెను" అని అందులో ఉంది. రెండింటిలో ఏది సవరించాలో లేదు. అయితే పేజీలో ఒక్క అక్షరం మార్చాలన్నా అనుబంధం ప్రకారం తొమ్మిది సంతకాలు కావాలి. వాస్తవాన్ని మార్చడానికి కార్యదర్శిగారి నోటిమాట చాలు.

కార్యదర్శి చిదంబరంగారు నోటు చూసి కళ్ళజోడు తీశారు.

"ఆ బొమ్మ తీసేస్తే సరిపోతుందండీ. రెండు నిమిషాల పని," అంది హైమవతి.

"రెండు నిమిషాలు మీకమ్మా. ఫైలుకి?" అన్నారాయన జాలిగా. "పేజీ పై ఆఫీసు వారిది. దాని జోలికి మనం పోకూడదు. వాస్తవం మనదే కదా, మన ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చు."

ఆ సాయంత్రానికల్లా గ్రంథాలయం ముందు మురుగుకాలవ పనికని పోసి వదిలేసిన కంకరగుట్టకి సున్నం పడింది. అటెండరు సింహాచలం బకెట్టుతో గుట్ట మీద నిలబడి, "ఏటి బాబూ ఇది? రాళ్ళకి సున్నవేటి?" అని అడిగాడు.

"పర్వతం. శిఖరం దగ్గర ఇంకో పూత వెయ్యి," అన్నారు చిదంబరంగారు.

రైలుపట్టాల పక్కనుంచి నాగజెముడు తవ్వి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టారు. కాఫీ కప్పూ పెట్టారు. బొమ్మలో కప్పు నిండుగా ఉంది కాబట్టి ఎవరూ తాగడానికి వీల్లేదు. చల్లారిందని పారబోసి రోజుకు నాలుగుసార్లు నింపేవారు. నాగజెముడు మోచేతికి గుచ్చుకోకుండా ఉండాలని చిదంబరంగారు చెయ్యి గాల్లోకెత్తి సంతకాలు పెట్టడం నేర్చుకున్నారు. చూసేవాళ్ళకి అర్చన చేస్తున్నట్టుండేది.

అంతవరకూ హైమవతికి కడుపు నిండా నవ్వే. రోజూ ఇంటికెళ్ళి భర్తకి చెప్తే ఆయన "నువ్వు కల్పించి చెప్తున్నావు" అనేవాడు. మరుసటి వారం బుధవారం మాత్రం ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఇంకొక భేదం కూడా ఉన్నదండీ," అన్నారు అప్పలనరసయ్యగారు. "మొన్నటివి పేజీలో ఉండి ఇక్కడ లేనివి. ఇది ఇక్కడ ఉండి పేజీలో లేనిది. వెనకవైపు మహిళా పఠన మందిరం."

పేరుకి మందిరం. నిజానికి పాత పత్రికలు పడేసే గది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా తెరిచి ఉంటుంది. పడవలు వచ్చేలోగా రేవు నుంచి నలుగురైదుగురు చేపలమ్మే ఆడవాళ్ళు వచ్చి పేపరు చదివించుకుంటారు. పని దిగాక హైమవతీ అక్కడే కూర్చుంటుంది. అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆఖర్న లేచేది పైడితల్లి. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, డీఎస్సీ పరీక్షకి చదువుతోంది. పరీక్ష ఇంకా నలభై రోజులుంది. ఇంట్లో రెండు గదులు, తొమ్మిది మంది మనుషులు, పగలంతా ఆడే కుట్టుమిషను. ఆ పిల్లకి ఊరు మొత్తంలో పుస్తకం తెరుచుకోడానికున్న చోటు ఆ గది ఒక్కటే.

"పేజీలో లేనిది లేనట్టే. సోమవారం నుంచి తాళం వేసెయ్యండి," అన్నారు చిదంబరంగారు.

"అయ్యో, ఆ గది గురించి నాలుగు నెలల కిందటే రాసి డ్రాఫ్టులో పెట్టానండీ! తమరి తొమ్మిది సంతకాల కోసమే ఆగి ఉంది."

"ఆ ఫైలు నడుస్తోందమ్మా. రెండో సంతకం దగ్గరుంది."

"ఎవరి దగ్గర?"

"పుటాలంకరణ సంఘం కన్వీనరు దగ్గర."

"ఎవరండీ ఆయన?"

"నేనే. ఇన్‌చార్జి."

"మొదటి సంతకం?"

"నేనే. కార్యదర్శి హోదాలో."

"మూడోది?"

"భాషాశుద్ధి అధికారిది. ఆ పోస్టు పుట్టినప్పటి నుంచీ ఖాళీ. నేనే చూస్తున్నాను."

హైమవతి వేళ్ళు మడుస్తూ తొమ్మిది దాకా అడిగింది. తొమ్మిదీ ఆయనే.

"అయితే ఇక్కడే వరసగా పెట్టెయ్యొచ్చు కదండీ?"

చిదంబరంగారు చెవులు మూసుకున్నంత పని చేశారు. "అమ్మా! ఒక హోదాలోంచి ఇంకో హోదాకి ఫైలు టపాలో వెళ్ళాలి. పై ఆఫీసుకి వెళ్ళి, ముద్ర పడి, మళ్ళీ నాకు రావాలి. ఒక్కోదానికి రెండు నెలలు. నాకు నేనే చేతికిచ్చుకుంటే రేపు ఆడిట్ వాళ్ళకి ఏం చెప్పను?"

తొమ్మిది రెళ్ళు పద్దెనిమిది. అందులో నాలుగు గడిచాయి. మిగిలిన పద్నాలుగు నెలలకి పైడితల్లి పరీక్ష ఒకసారి జరిగిపోయి, ఆ ఉద్యోగాల్లో చేరినవాళ్ళకి ట్రాన్స్‌ఫర్లు కూడా అయిపోతాయి.

గురువారం నాటికి భేదాల వేట మరింత జోరందుకుంది. శుక్రవారం పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడు. పేజీలో "మా బృందం" అన్న శీర్షిక కింద ఒక నీలికళ్ళ తెల్లమ్మాయి, చెవులకి మైకు తగిలించుకుని ముప్ఫై రెండు పళ్ళూ కనబడేలా నవ్వుతూ ఉంది. అదీ థీముతో వచ్చిన బొమ్మే. గ్రంథాలయంలో ముందు బల్ల దగ్గర కూర్చునే మనిషి అప్పలనరసయ్యగారే కనక, ఆ నవ్వు ఆయనకి అప్పగించారు. బజారు నుంచి మైకు తెప్పించారు. ఉద్యోగంలో చేరాక ఆయన పళ్ళు చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు పది నుంచి ఐదున్నర దాకా చూడొచ్చు.

మధ్యాహ్నానికి ఆయన భార్య కొంగు బిగించి ఆఫీసుకొచ్చింది.

"మా ఆయన్నేం చేశారండీ? నిన్న రాత్రి చారులో ఉప్పు లేదంటే నవ్వారు. కరెంటు పోతే నవ్వారు. మా అన్నయ్య వస్తే కూడా నవ్వారు!"

"రిహార్సలమ్మా," అన్నారు చిదంబరంగారు.

ఇంతలో తనిఖీ అధికారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తాను పేజీని ఫోన్‌లోనే చూస్తానని ఆయన సెలవిచ్చాడు. అప్పలనరసయ్యగారు నవ్వుతూనే తన ఫోన్ తెరిచి చూసి, నవ్వుతూనే చెమటలు కక్కారు. కంప్యూటర్లో పక్కపక్కన ఉండేవన్నీ చిన్న తెర మీద ఒకదాని కింద ఒకటి వస్తాయి. అది థీము గుణం. ఆ సంగతి హైమవతి చెప్పబోయేలోగా బీరువాలు లేచాయి. గంటలో గ్రంథాలయం మొత్తం ఒకే వరసలోకి వచ్చింది. వీధి గుమ్మంలో వార్తాపత్రికలు, వాటి వెనక వారపత్రికలు, ఆ వెనక వ్యవసాయం, ఆధ్యాత్మికం, పశువైద్యం, ఆఖర్న నవలలు. నవల కావాల్సిన పాఠకురాలు బర్రెల గాలికుంటు వ్యాధి దాటి వెళ్ళాలి. ఫోన్‌లో మెనూ కూడా మడుచుకుపోయి మూడు అడ్డగీతలైపోతుంది, ముట్టుకుంటేనే తెరుచుకుంటుంది. అందుకని గేటుకి మూడు వెదురుబొంగులు అడ్డంగా కట్టారు. వచ్చినవాళ్ళు మధ్య బొంగుని ఒక వేలితో ముట్టుకోవాలి. అప్పుడు సింహాచలం తీస్తాడు.

ఆ మధ్యాహ్నం మందిరంలో హైమవతి ఇదంతా అభినయించి చెప్తుంటే చేపల బుట్టల వాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. పైడితల్లి నవ్వలేదు.

"పిన్నిగారూ, సోమవారం నుంచి నన్నెక్కడ చదూకోమంటారు?"

హైమవతి చేతిలో సర్క్యులర్ ఉంది. ముఖం దాచుకోడానికి దాన్ని చదవసాగింది. అనుబంధంలో అయిదో అంశం దగ్గర ఆగింది. "వర్ణములు, అక్షరముల పరిమాణము మొదలగు అలంకరణ అంశములు విషయము కిందికి రావు. అవి నిర్వాహకురాలి విచక్షణకు విడువబడినవి." సర్క్యులర్ వచ్చిన రోజున ఇదే వాక్యం చదివి చిదంబరంగారు, "రంగులూ ముగ్గులూ మాకేం తెలుస్తాయమ్మా, అది మీ ఆడవాళ్ళ శాఖ" అన్నారు.

ఆవిడ సర్క్యులర్ మడిచి పైటకొంగులో దోపుకుంది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదీ యాభైకి హైమవతి కంప్యూటరు ముందు కూర్చుని, రంగులు మార్చే గడి తెరిచి, ఒక్క వరస రాసింది. కార్యదర్శి పేరున్న అక్షరాల రంగు తెలుపు. పేజీ ఎటూ తెలుపే.

పది గంటలకి చిదంబరంగారు వచ్చి మధ్య బొంగుని వేలితో ముట్టుకున్నారు. బొంగు కదల్లేదు. సింహాచలం ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. పేజీతో పోల్చి చూసుకుని గాని సిబ్బందిని లోపలికి పంపకూడదని అతనికి ఉత్తర్వు. ఆ ఉత్తర్వు ఇచ్చింది చిదంబరంగారే.

"తమరు నేరు బాబూ."

"ఏమిటీ?"

"పేజీలో తమరు నేరు. కార్యదర్శి అనుంది. ఎదర కాళీ."

"ఒరే, ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నావు, నేను కానట్రా?"

"కళ్ళతోటి సూసింది నమ్మొద్దని, పేజీలోది నమ్మాలని తమరే కదా సెప్పినారు. నానేటి సేత్తాను?"

అప్పలనరసయ్యగారు గుమ్మంలోకి వచ్చారు, పళ్ళన్నీ కనబడుతున్నాయి. "కార్యదర్శి పోస్టు ఖాళీ అయినట్టు నోటు పెట్టేశానండీ," అన్నారు. ఆ నవ్వు ఉద్యోగ ధర్మమో సొంతమో ఎవరూ తేల్చలేకపోయారు.

చిదంబరంగారు బొంగుల మీంచి కేకేశారు. "హైమవతిగారూ! నా పేరేదమ్మా?"

"అక్కడే ఉందండీ. విషయం నేను ముట్టుకోలేదు. రంగొక్కటే మార్చాను. పైన మంచుకొండ ఉంది కదా, తెలుపయితే నప్పుతుందని."

"వెంటనే మార్చండి! ఇది నా ఉత్తర్వు!"

"తప్పకుండానండీ. ఉత్తర్వు ఎవరిచ్చారని రాసుకోమంటారు?"

ఎండ ముదురుతోంది. తనిఖీ అధికారి మూడింటికి వస్తాడు. ఆయన వచ్చేసరికి కార్యదర్శి లేకపోతే ఏం రాస్తాడో చిదంబరంగారికి తెలుసు. అలాంటివి ఆయన చాలామంది మీద రాశారు.

"కనీసం నీడనైనా కూర్చోనివ్వరా!"

సింహాచలం తల గోక్కున్నాడు. "పేజీలో ఉన్న గదుల్లోకి పేజీలో నేనోళ్ళని పంపకూడదు బాబూ. పేజీలో నేని గది ఒకటుంది కదా. ఎనకాల నుంచి ఎల్లండి."

అలా చిదంబరంగారు ఉద్యోగంలో చేరాక మొదటిసారి మహిళా పఠన మందిరంలో అడుగుపెట్టారు. తనిఖీ రోజని ఊడవడానికి గది పొద్దున్నే తెరిస్తే పైడితల్లి అప్పుడే వచ్చి కూర్చుంది. అన్నిటికంటే మంచి కుర్చీ ఆయనకిచ్చింది. దానికి మూడు కాళ్ళు. ఫ్యాను లేదు, ఫ్యాను వేలాడాల్సిన కొక్కెం ఉంది. పావుగంటలో ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

రేవు నుంచి వచ్చిన ఒకావిడ బుట్ట దించి ఆయన్ని చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏటి బాబూ, తమరు కూడా నేరా? మాకు అలవాటే గానండి, తమరికి కట్టంగా ఉంటాది."

కాసేపటికి పైడితల్లి మొహమాటంగా పుస్తకం జరిపింది. "సార్, ఈ లెక్క తెలీట్లేదండీ. తొమ్మిది మంది ఒక పనిని పద్దెనిమిది నెలల్లో చేస్తే, ఒక్కడు ఎన్ని నెలల్లో చేస్తాడు?"

"నూట అరవై రెండు," అన్నారు చిదంబరంగారు ఠక్కున. లెక్కల్లో ఆయన గట్టివారు.

"ఆ తొమ్మిది మందీ ఒక్కడే అయితేనండీ?"

ఆయన పుస్తకం మూసి పక్కకి చూశారు. గుమ్మంలో హైమవతి నిలబడి ఉంది. ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో డ్రాఫ్టు ఫైలు.

"తమర్ని ఒక్కసారిగా నల్లగా చేసెయ్యడానికి నాకు విచక్షణ ఒప్పుకోవడం లేదండీ," అంది. "కొంచెం కొంచెంగా అయితే బాగుంటుంది. ఒక్కో సంతకానికి ఒక్కో ఛాయ."

"టపా? ఆడిట్?"

"సింహాచలం ఉన్నాడుగా."

సింహాచలాన్ని టపాగా నియమించారు. చిదంబరంగారు కార్యదర్శి హోదాలో మొదటి సంతకం పెట్టారు. సింహాచలం ఫైలు నెత్తిన పెట్టుకుని గది చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, గోడకున్న పాత క్యాలెండరు దగ్గర ఆగి, పిడికిలితో ముద్ర గుద్ది, మళ్ళీ ఆయన ముందే పెట్టాడు. చిదంబరంగారు కుర్చీలో అటువైపు తిరిగి కన్వీనరయ్యారు. కుర్చీ ఒరిగింది. రేవు ఆవిడ పట్టుకుంది.

పైడితల్లి ఫోన్‌లో పేజీ చూస్తూ గొంతెత్తింది. "కనబడుతున్నారండీ! పొగలా ఉన్నారు!"

మూడో సంతకానికి బూడిదరంగులోకొచ్చారు. అయిదో దానికి సీసం. ఏడో సంతకానికి సింహాచలానికి ఆయాసం వచ్చి, "టపా లేటు బాబూ" అని గోడకి చేరబడ్డాడు. చేపల బుట్టల వాళ్ళు "హమ్మ, ఇంక రెండే!" అని చప్పట్లు కొట్టారు. చిదంబరంగారికి కూడా ఎందుకో ఉత్సాహం పుట్టింది. లేచి నిలబడి, "భాండాగార విస్తరణ ప్రత్యేకాధికారి, ఇన్‌చార్జి!" అని బిగ్గరగా తన హోదా తానే చదువుకుని ఎనిమిదోది పెట్టారు. బొగ్గు. తొమ్మిదోది పడగానే పైడితల్లి అరిచింది. "కాటుక! కాటుకలా ఉన్నారు సార్!"

మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. హైమవతి ఒక మీట నొక్కింది. నాలుగు నెలల డ్రాఫ్టు పేజీలోకి వెళ్ళింది. చిదంబరంగారు ముఖం తుడుచుకుని, ముందు గుమ్మం దాకా వెళ్ళి, మధ్య బొంగుని వేలితో ముట్టుకున్నారు. సింహాచలం వెనక నుంచి పరిగెత్తుకెళ్ళి, పేజీ చూసుకుని, సలాం కొట్టి తీశాడు.

మూడింటికి తనిఖీ అధికారి వచ్చాడు. కొండ ఉంది. కాఫీ ఉంది. ముళ్ళమొక్కకి చెయ్యి పెట్టి చూసి వేలు చప్పరించుకున్నాడు. అప్పలనరసయ్యగారి పళ్ళు లెక్కపెట్టాడు. బీరువాల వరస వెంట నవలల దాకా నడిచి వచ్చి, "అద్భుతం. భేదము శూన్యము," అన్నాడు. చివరికి ఫోన్లో పేజీని ఇంకాస్త కిందికి జరిపి, కొత్తగా వచ్చిన వరసలు పైకి చదివాడు.

"మహిళా పఠన మందిరము. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు. రెండు ఫ్యాన్లు. నాలుగు కాళ్ళున్న కుర్చీలు పన్నెండు. చల్లని మంచినీరు. లోపలి గడియ పడే మరుగుదొడ్డి. మూడున్నర గంటలకు టీ. అందించువారు: కార్యదర్శి."

చిదంబరంగారు హైమవతి వంక చూశారు. హైమవతి మంచుకొండ వంక చూసింది.

అధికారి వెనక గది చూసొచ్చి పుస్తకంలో రాసుకున్నాడు. "భేదములు అయిదు. ఇరవై నాలుగు గంటలు."

"పేజీ మార్చేద్దామండీ, రెండు నిమిషాల పని!" అన్నారు చిదంబరంగారు, ఆయన నోట ఎన్నడూ రాని మాట.

"పేజీయా?" అన్నాడు అధికారి, వినకూడనిది విన్నట్టు. "తొమ్మిది సంతకాలు పడిన పేజీయా? ఆ తొమ్మిది మంది పెద్దలూ చదవకుండానే పెట్టారంటారా?"

శనివారం మూడున్నరకి మందిరంలో రెండు ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. వడ్రంగి ఆఖరి కుర్చీకి నాలుగో కాలు బిగించి వెళ్ళాడు. రేవు ఆడవాళ్ళు మరుగుదొడ్డి గడియ వేసి తీసి, వేసి తీసి, అది నిజంగా పడుతుందని ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నారు. చిదంబరంగారు పళ్ళెంలో గ్లాసులు పట్టుకుని వచ్చారు. పొయ్యి ముందు నిలబడటం అలవాటు లేక చొక్కా అంచు కాస్త కాలింది. ఒక్కొక్కరికీ ఒక్కో గ్లాసు వరసలో అందించారు.

బుట్ట ఆవిడ ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. "ఏటి బాబూ, పంచదార మర్సిపోనారా?"

చిదంబరంగారు జేబులోంచి ఫోన్ తీశారు. నిన్న సాయంత్రం నుంచి ఆయన ఆ పేజీని పైనుంచి కిందదాకా పదిసార్లు చదివారు. వేలు పెట్టి చూపించారు. "టీ అని ఉందమ్మా. పంచదార అని ఎక్కడా లేదు."

అంటూ ఆయన, ఎవరూ చూడటం లేదనుకుని, కొంచెం నవ్వారు. హైమవతి చూసింది. చేదు టీ సగం తాగింది. నిజానికి మరీ అంత చేదుగా ఏం లేదు.

పైడితల్లి మాత్రం తల ఎత్తలేదు. ఫ్యాను గాలికి ఎగురుతున్న కాగితాల మీద గ్లాసు పెట్టి, తర్వాతి లెక్కలోకి వెళ్ళిపోయింది.